కేరీ గారి తోటకు వచ్చిన కానుకలు

చదువవలసిన భాగములు: 2 రాజులు 5:1-19, 2 సమూయేలు 23:13-17

తోటపని యందు మనస్సంతయు పెట్టుకొన్న మనుష్యునికి ఏమి కానుక ఇయ్యవలెను? ప్రశ్న చిన్నదిగానే కనబడును. మన సంఘములలో పాదిరి గారు బదిలీయై పోవునప్పుడు గాని, బడిపంతులు గారు పని చాలించుకొనునప్పుడు గాని, పెద్దలు చందా వేసి ఒక శాలువయు ఒక పూలదండయు తెచ్చుట వాడుక. దండ సాయంకాలమునకు వాడిపోవును. శాలువ పెట్టె అడుగునకు చేరును. మా పెట్టెలో అట్టివి ఏడు ఉన్నవి. ఇచ్చినవారి ప్రేమను మేము తక్కువ చేయుట లేదు. గాని ప్రతి గ్రామములోను ఇట్టివారు ఒకరుందురు: ఒకరి యింటికి పోయినయెడల మంచము మీద కూర్చుండకముందే పెరటిలోనికి తొంగిచూతురు, తమకు లేని మొక్క కనబడెనా, ఒక కొమ్మ అడుగక వెళ్లరు. అట్టివారికి ఏమి ఇచ్చిన సంతోషింతురో తెలిసికొనవలెనన్న, వారు ఏమి అడుగుదురో చూడవలెను.

విలియం కేరీ గారు అట్టి మనుష్యుడు. జూన్ 9వ తేదీ ఆయన ప్రభువునందు నిద్రించిన దినము గనుక ఈ నెలలో ఆయనను జ్ఞాపకము చేసికొనుట తగియున్నది. ఆయన లేఖనములను అనేక భాషలలోనికి తర్జుమా చేసినవారనియు, శ్రీరాంపూరులో ముద్రాలయమును కళాశాలను నడిపినవారనియు మన ఆదివారపు బడి పిల్లలు కూడ చెప్పగలరు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది ఆ ముద్రాలయములోనే. గాని ఆయన జీవితమును ఆయన తోటకు వచ్చిన కానుకల వెంబడి నడిచి చూచినయెడల, గ్రంథములలో కనబడని కేరీ గారు కనబడుదురు. అందుచేత ఈసారి ఆ త్రోవనే పోవుదము.

ఆయన 1761 ఆగస్టు 17న ఇంగ్లండు దేశమందలి పాలర్స్‌పరీ అను పల్లెలో పుట్టిరి. తండ్రి నేతపనివాడు, తరువాత ఆ పల్లెలోనే బడి చెప్పుచుండెను. తండ్రికి సోదరుడైన పీటరు అనునతడు కెనడా దేశములో సైనికుడుగా ఉండి తిరిగివచ్చి తోటపని చేసికొని బ్రదుకుచుండెను. బాలునికి మొక్కల రుచి పుట్టించినది ఈయనయే. బాలుని గది పురుగులతోను పక్షులతోను ఆకులతోను నిండియుండెడిది. పొలముపని నేర్చుకొనవలెనని మొదలుపెట్టిరి గాని ఎండ తగిలినప్పుడెల్ల చర్మవ్యాధి రేగుచుండినందున దానిని విడిచి చెప్పులు కుట్టుపనికి కుదిరిరి. ఎండకు ఓర్వలేని ఆ పిల్లవానిని దేవుడు బెంగాలు ఎండలోనికే పంపుట చూచితిరా!

1783లో బాప్తిస్మము, పిమ్మట మౌల్టనులోను లెస్టరులోను సంఘకాపరి పని, 1792లో మిషను సంఘ స్థాపన, ఇవన్నియు మన పాఠకులు ఎరిగినవే. 1793 జూన్ 13న ఓడ ఎక్కి నవంబరులో కలకత్తా రేవున దిగిరి. వెంట భార్య డోరతి గారును, నలుగురు పిల్లలును, డోరతి గారి చెల్లెలును ఉండిరి. చేతిలోని సొమ్ము త్వరలోనే అయిపోయెను. సుందరవనములలో కొన్ని నెలలు అడవి నరికి, తరువాత ఉత్తర బెంగాలులోని మద్నాబతి అను చోట నీలిమందు కార్ఖానాలో పనికి కుదిరిరి.

ఇక్కడ ఒక లేఖ సంగతి చెప్పవలెను. 1794లో కార్ఖానా పని దొరకగానే, నా పోషణకు సొమ్ము పంపవలదని ఆయన మిషను సంఘమువారికి వ్రాసిరి. పంపవలదని ఊరకుండక, కొన్ని వస్తువులు పంపుడనియు, వాటి వెల నేనే ఇచ్చుకొందుననియు తెలియజేసిరి. ఆ వస్తువులేవి? కొడవళ్లు, నాగలి చక్రములు మొదలైన సేద్యపు పనిముట్లు. అటుపిమ్మట ఏటేట కూరగాయల విత్తనములు, పూలమొక్కల విత్తనములు, పండ్లచెట్ల విత్తనములు, దొరకినన్ని రకములు. వాటిని కాగితములలో గాని గట్టిగా బిరడా బిగించిన సీసాలలో గాని పెట్టవలెననియు, అన్నిటికంటె ముఖ్యముగా అవి క్రొత్తవియు ఆరినవియు అయియుండవలెననియు హెచ్చరించిరి. వీటివలన ఈ దేశమునకు నిలిచియుండు మేలు కలుగుననియు, ఈ దేశమును ఇక నా స్వదేశమనుచున్నాననియు కూడ వ్రాసిరి. వచ్చి యేడాది కాలేదు, చూడుడు!

ఆ లేఖను చదివినప్పుడెల్ల మాకు ఒక సంగతి తోచును. అడుగుటకు ఆయనకు ఎన్ని లేవు? ఇంటిలో ఇల్లాలు వ్యాధితో ఉన్నది. ఔషధములు, మంచి బట్టలు, పిల్లలకు పుస్తకములు అడుగవచ్చును. అడిగినవి విత్తనములు. ఆ సంవత్సరమే అయిదేండ్ల కుమారుడు పీటరు రక్తవిరేచనములతో చనిపోయెను. కులపు పట్టుదలవలన గోతిని త్రవ్వువారు దొరకుటయే కష్టమాయెను. డోరతి గారి మనస్సు ఆ దుఃఖములో చెదరిపోయి, 1807 డిసెంబరు 8న ఆమె మరణించువరకు తిరిగి కుదుటపడలేదు. ఆమె ఈ దేశమునకు మనఃపూర్వకముగా వచ్చినది కాదు. భర్త తోటయందును తర్జుమా బల్లయొద్దను ఓదార్పు కనుగొనుచుండగా, ఆమెకు ఏ ఓదార్పు దొరకెనని అడుగువారున్నారు. అడుగవలసిన ప్రశ్నయే అది. కేరీ గారిని మెచ్చుకొనుటకై ఆమె కన్నీళ్లను దాచిపెట్టుట మాకు ఇష్టము లేదు.

1800 జనవరి 10న ఆయన శ్రీరాంపూరు చేరిరి. అప్పుడది డేనిషువారి పట్టణము. హుగ్లీ నది ఒడ్డున మిషను ఇంటివెనుక సుమారు అయిదు ఎకరముల తోటను వేయించిరి. లిన్నేయసు అను స్వీడను పండితుడు ఏర్పరచిన వరుస ప్రకారము మొక్కలను జాతులుగా విభజించి నాటించిరి. తెల్లవారకముందే లేచి ఆ తోటలో నడచుచు ప్రార్థించుట ఆయనకు అలవాటు. తరువాతనే పండితులతో కూర్చుండి తర్జుమా పని. వారములో కొన్ని దినములు కలకత్తాకు పోయి ఫోర్టు విలియం కళాశాలలో బోధించుచుండిరి.

తోట పెరుగుట కానుకలవలననే పెరిగెను. అందులో మన దేశపు భాగము కూడ ఉన్నది. కలకత్తా ప్రభుత్వ తోటకు అధికారియైన విలియం రాక్స్‌బర్గ్ గారు కేరీ గారికి స్నేహితుడు. ఈ రాక్స్‌బర్గ్ గారు 1793లో కలకత్తాకు పోకముందు కాకినాడ దగ్గర సామర్లకోటలో ఉండి, అక్కడ మిరియములు మొదలైనవి పెంచి చూచి, మన కోస్తా మొక్కలను మన దేశపు చిత్రకారులచేత వ్రాయించినవారు. మొక్కలను ప్రేమించు ఇద్దరి నడుమ స్నేహము ఎట్లుండునో మనమెరుగుదుము: ఒకరి తోటలోనుండి ఒకరి తోటకు అంటులును విత్తనములును నడచుచునే యుండును. చివరకు రాక్స్‌బర్గ్ గారు విచిత్రమైన కానుక ఒకటి ఇచ్చిరి. ఒక వృక్షజాతికి కేరీయా అని స్నేహితుని పేరు పెట్టిరి. మన మన్యపు అడవులలో మందమైన బెరడుతో, కార్చిచ్చునకు కూడ సులభముగా చావక నిలుచు కుంభి చెట్టు ఆ జాతిలోనిదే. పశువులు కాయు పిల్లలు దాని నీడను కూర్చుందురు. అది కేరీ గారి పేరు మోయుచున్నదని వారికి తెలియదు.

కేరీ గారు ఆ ఋణము తీర్చిన విధము కూడ చెప్పవలెను. రాక్స్‌బర్గ్ గారు 1813లో ఆరోగ్యము చెడి దేశము విడిచి, 1815లో చనిపోయిరి. ఆయన జీవితకాలమంతయు కూర్చిన వ్రాతలు అచ్చుకాక మిగిలియుండెను. కలకత్తా తోటలోని మొక్కల పట్టీని 1814లో కేరీ గారు శ్రీరాంపూరులో అచ్చువేయించిరి. తెలుగు భాషకు తాము వ్రాసిన వ్యాకరణమును అచ్చువేయించినది కూడ ఆ సంవత్సరమే. తరువాత ఫ్లోరా ఇండికా అను పెద్ద గ్రంథమును 1820లో మొదలుపెట్టి, 1832లో మూడు సంపుటములుగా ముగించిరి. అప్పటికి ఆయనకు డెబ్బది యేండ్లు దాటినవి. చనిపోయిన స్నేహితుని పుస్తకమును వెలుగులోనికి తెచ్చుట, తోటవానికి మరియొక తోటవాడు ఇయ్యగల కానుకలలో చిన్నది కాదు.

ఆయన కుమారులు సువార్త పనిమీద దూరదేశములకు పోయిరి. ఫెలిక్సు బర్మాకును, జాబెజు అంబోయినా ద్వీపమునకును వెళ్లిరి. తండ్రి వారికి వ్రాసిన ఉత్తరములలో ఆత్మసంబంధమైన బుద్ధి ఎంత ఉన్నదో, మొక్కలను పంపు విధమును గూర్చిన బోధయు దాదాపు అంత ఉన్నది. విత్తనములు బాగుగా పండి ఆరినవై యుండవలెను. ఒక్కొక్క రకమును వేరువేరు కాగితపు పొట్లములలో కట్టి, పేరు వ్రాయవలెను. పెట్టెలో గాని బుట్టలో గాని ఎలుకలకు అందకుండ పెట్టవలెను. వీలైనయెడల అవే విత్తనములను రెండు భాగములు చేసి వేరువేరు ఓడలలో పంపవలెను. ఒకటి పోయినను ఒకటి చేరును. చెట్ల కొమ్మలను అంటుకొని పెరుగు మొక్కలనైతే ఊడదీసి బుట్టలో వ్రేలాడదీసిన చాలును. దుంపలను పొడిగా పంపవలెను. ఎలుకల మాట చదివి మేము నవ్వుకొంటిమి. శ్రీరాంపూరు పండితునికిని మన గ్రామములో బీరగింజలను ఉట్టిమీద దాచు అవ్వకును శత్రువు ఒక్కటే!

ఇది హాస్యముగా చెప్పుచున్నాము గాని, కానుక ఇచ్చువారు గమనింపవలసిన సంగతి ఇందులో ఉన్నది. పేరు లేని గింజ తోటవానిని సంవత్సరమంతయు ఊరక కనిపెట్టుకొనునట్లు చేయును. తడి గింజ బూజుపట్టి ఆశనే చంపును. మంచి మనస్సు ఒక్కటి చాలదు. పొట్లము కట్టుటలో కూడ ప్రేమ కనబడవలెను.

ఇక ఈ వ్యాసము వ్రాయుటకు మమ్మును పురికొల్పిన కానుకయొద్దకు వచ్చితిమి.

ఇంగ్లండులో షెఫీల్డ్ పట్టణమునకు సమీపమున నివసించు వృక్షశాస్త్రజ్ఞుడొకరు కేరీ గారికి ఆ దేశపు విత్తనములను ఒక మూటగా పంపిరి. అప్పటికి సూయజు కాలువ లేదు. ఆఫ్రికా ఖండమును చుట్టుకొని నెలల తరబడి ప్రయాణముచేసి ఆ మూట రావలెను. కొన్ని విత్తనములను ఆయన ఒక సంచిలో, అవి పెరిగిన నేలమట్టితో కూడ పెట్టియుండెను. కేరీ గారు విత్తనములను తీసికొనిరి. మరియొకరైనచో మట్టిసంచిని పారవేసియుందురు. ఈయన మాత్రము స్నేహితుని కానుకలో కొంచెమైనను వ్యర్థము కాకూడదని, ఆ సంచిని తోటలో నీడపట్టుననున్న ఒక చోట దులిపిరి. కొన్ని దినములైన పిమ్మట అటువైపు పోగా, ఆ మట్టిలోనుండి ఒక చిన్న మొక్క లేచియుండెను. చూడగానే గుర్తుపట్టిరి. అది ఇంగ్లండు పచ్చికబయళ్లలో ఎక్కడ చూచినను కనబడు డెయిసీ మొక్క.

మనవారికి తెలియుటకై చెప్పుచున్నాము: అది మన పొలము గట్లమీది గడ్డిచామంతికి చుట్టము. చిన్న పువ్వు, చుట్టు తెల్లని రేకులు, నడుమ పసుపు బొట్టు. ఆ దేశములో దానికి విలువ లేదు. పిల్లలు త్రెంచి దండలు గ్రుచ్చి పారవేయుదురు. దానిని కానుకగా పంపవలెనని ఎవరికిని తోచదు. ఆ స్నేహితుడును దానిని ఎన్నుకొని పంపినట్లు లేదు. అది మట్టితో కలిసి వచ్చినది. అయితే కేరీ గారు దానిని చూచి దాదాపు ముప్పది యేండ్లాయెను. ఇక ఈ లోకములో చూతునని తలంచలేదు. యూరపు విడిచినది మొదలు ఇంత నిర్మలమైన చిన్న సంతోషము నాకు కలిగినట్లు జ్ఞాపకము లేదని ఆయన ఆ స్నేహితునికి వ్రాసిరి. ఆ లేఖ 1821 మార్చిలో ఇంగ్లండు చేరెను. జేమ్సు మాంట్‌గోమెరీ అను క్రైస్తవ కవి ఆ లేఖను చూచి, డెయిసీనిగూర్చి ఒక పద్యము వ్రాసెను. ఆ దేశములో అనేకులకు ఈ సంగతి తెలిసినది ఆ పద్యమువలననే. మాకు పద్యముకంటె ఆ సంచి దులిపిన చెయ్యి ఎక్కువ ప్రియము.

ఆ చెయ్యి ఎట్టి దినములలో దానిని దులిపెనో తలంచుడి. రెండవ భార్య షార్లెట్ గారు 1821 మే 30న నిద్రించిరి. ఆమె బలహీనురాలైనను కేరీ గారికి చదువులోను ప్రార్థనలోను మంచి తోడు. 1822లో ఆయన జ్యేష్ఠకుమారుడు ఫెలిక్సు చనిపోయెను. 1800లో హుగ్లీ నీళ్లలో బాప్తిస్మము పొందిన మొదటి విశ్వాసి కృష్ణపాల్ కూడ ఆ సంవత్సరమే గతించెను. ఇంత దుఃఖము నడుమ గడ్డిపువ్వొకటి వచ్చి ఏమి చేయునని అనవచ్చును. ఏమియు చేయదు. గాని పుట్టిన ఊరి మన్ను తన పాదములయొద్ద పూచినట్లు ఉండును గదా.

సిరియా సేనాధిపతియైన నయమాను సంగతి ఇక్కడ మనకు జ్ఞాపకము రావలెను. వెండి బంగారములను, పది దుస్తులను కానుకలుగా మోయించుకొని అతడు ఎలీషా యింటికి వచ్చెను. ప్రవక్త ఒక్కటియు ముట్టలేదు. అప్పుడు నయమాను తాను కానుకలిచ్చుట మాని, తనకే ఒక కానుక కావలెనని అడిగెను: రెండు కంచరగాడిదలు మోయగల మన్ను. ఆ దినము అతడు అడిగినది మన్నే. దావీదును అట్లే. గుహలో దాగియున్నవాడు బేత్లెహేము బావినీళ్ల కొరకు ఆశపడెను. దేశములో వేరు నీళ్లు లేకపోయినవా? ఆ ఊరి నీళ్లే కావలెనని ప్రాణము కొట్టుకొనెను. ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండును చీల్చుకొనిపోయి తెచ్చిరి. అతడు అడుగలేదు, ఆజ్ఞ ఇయ్యలేదు. ఊరక పలికినదానిని వారు చెవిని పెట్టి విని లేచిరి. షెఫీల్డ్ స్నేహితుడు ఆ మాటయైనను వినలేదు. వినకయే, మన్నును పారవేయక పంపినందున, దాదాపు ముప్పది యేండ్లుగా ఎవరికిని చెప్పని కోరిక ఒకటి తీరెను.

ఆ డెయిసీ మన దేశపు ఎండకును వానకును తట్టుకొనలేక ఏడాదికి చచ్చిపోవుచుండెను. అందుచేత కేరీ గారు ప్రతి సంవత్సరము దాని విత్తనమును తీసి దాచి, తరువాతి కాలమున తిరిగి చల్లి పెంచుచుండిరి. అరువదియేండ్లవాడు, ఇన్ని భాషల నిఘంటువులు వ్రాయుచున్నవాడు, గడ్డిపువ్వు గింజలను ఏరి దాచుచుండెను!

తనకు వచ్చినవాటిని ఆయన తనయొద్దనే ఉంచుకొనలేదు. ఇక్కడి దుంపలను విత్తనములను ఇంగ్లండు తోటలకు పంపిరి. 1820 సెప్టెంబరులో కలకత్తాలో వ్యవసాయ తోటపనుల సంఘమును స్థాపించిరి. అందులో దొరలతోపాటు ఈ దేశస్థులును సభ్యులుగా ఉండవలెనని మొదటినుండి పట్టుబట్టిరి. మంచి కూరగాయలు పండించిన తోటమాలులకు ఆ సంఘము బహుమానము లిచ్చుచుండెను. తోట యజమానునికి గాక, చేతులకు మన్నంటినవానికి బహుమానమిచ్చుట మాకు మిక్కిలి నచ్చినది.

1823లో దామోదర నది గట్లు తెగి వరద వచ్చి తోటను ముంచివేసెను. ఇరువదియేండ్ల పని కొన్ని దినములలో పోయెను. ఆయన ఆ దినములలోనే పడవ దిగుచు జారిపడి తుంటికి దెబ్బతగిలి, జ్వరముతో మంచమున ఉండిరి. లేచిన వెంటనే మరల నాటించుట మొదలుపెట్టిరి. 1812లో ముద్రాలయము కాలిపోయి వ్రాతప్రతులు బూడిదయైనప్పుడు కూడ ఆయన చేసినది ఇదియే; మరల మొదటినుండి వ్రాసిరి. కాగితములైనను మొక్కలైనను ఆయనకు ఒక్కటే పద్ధతి.

1834లో బలము క్షీణించి నడువలేకపోయినప్పుడు కుర్చీలో కూర్చుండబెట్టి తోటలోనికి తీసికొనిపోవుచుండిరి. అదియు సాధ్యము కానప్పుడు తోటమాలిని ప్రతిదినము గదిలోనికి పిలిపించి, ఏ మొక్క ఎట్లున్నదని అడిగి తెలిసికొనుచుండిరి. మంచము ప్రక్కను గోడమీద అందమైన ఒక మొక్క బొమ్మను పెట్టించుకొని, దానిని సంతోషముతో చూచుచుండిరి. ఒకనాడు మనస్సు క్రుంగియుండగా, నేను పోయిన తరువాత సహోదరుడైన మార్ష్‌మన్ ఆవులను ఈ తోటలోనికి తోలునని విచారపడిరి. మార్ష్‌మన్ గారు ముప్పది నాలుగేండ్లు ఆయనతో ఒకే బల్లయొద్ద భుజించినవారు. మొక్కలయందు ఆయనకంత ఆసక్తి లేదు. ఆ మాట విని, నాకు మీవంటి రుచి లేకపోయినను, ఈ తోటను కాపాడుట నాకు పరిశుద్ధమైన బాధ్యతగా ఎంచుకొందునని మాట ఇచ్చిరి. కేరీ గారు జూన్ 9న తెల్లవారుజామున, తోటలో ప్రార్థించుటకు లేచు వేళకు, నిద్రించిరి.